ఇంటి మందు మొక్కలు: కుండీలో పెంచడం నుంచి కషాయం దాకా

వినాయక చవితి పూజలో వాడే 21 పత్రుల్లో తులసి, వావిలి, ఉత్తరేణి, మారేడు, మరువం, మద్ది ఉన్నాయి. ఇవన్నీ మందు మొక్కలే. అదే పళ్ళెంలో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు కూడా ఉంటాయి. ఉమ్మెత్త గింజలు మతి తప్పిస్తాయి, గన్నేరు గుండె లయని దెబ్బతీస్తుంది, జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. పూజలో ఒక ఆకు బదులు ఇంకోటి వచ్చినా దేవుడు ఏమీ అనుకోడు. కడుపులోకి వెళ్ళే ఆకు విషయంలో అలా కుదరదు.

అందుకే ఈ మార్గదర్శి అంతటా నేను పట్టుబట్టి చెప్పేది ఒక్కటే. వంద మొక్కల పేర్లు తెలిసి ఉండటం కన్నా పది మొక్కల్ని ఏ దశలో చూసినా గుర్తుపట్టగలగడం మేలు. మొలకప్పుడు, పూతప్పుడు, ఎండకి వాడిపోయినప్పుడు కూడా. "ఈ ఆకు కనిపిస్తే వదలకండి" అని ఫోన్‌లో వచ్చే వీడియోలు ఆ ఆకుని పోలిన ఇంకో ఆకు గురించి ఒక్క మాట చెప్పవు. మనం అక్కడ జాగ్రత్త పడాలి.

మొదటి మెట్టు: ఐదు కుండీలు

తులసి, వాము ఆకు, పుదీనా, కలబంద, పసుపు. మొదటి ఏడాదికి ఈ ఐదూ చాలు. మన ఎండలకి తట్టుకుంటాయి, ఇంట్లో రోజూ పనికొస్తాయి, వేరే మొక్క అనుకుని పొరబడే అవకాశం తక్కువ.

మట్టి కలపడానికి ఎర్రమట్టి రెండు పాళ్ళు, బాగా మాగిన పశువుల ఎరువు గానీ వర్మీకంపోస్టు గానీ ఒక పాలు, ఇసుక లేదా కొబ్బరి పొట్టు ఒక పాలు తీసుకోండి. పచ్చి పేడ వెయ్యొద్దు. ఆ వేడికి వేళ్ళు మాడతాయి, వేరుపురుగు కూడా చేరుతుంది. కుండీ అడుగున రంధ్రం ఉండాలి, దాని మీద ఒక పెంకు ముక్క బోర్లించాలి. రోజుకి ఇన్ని చెంబులు అని నీళ్ళకి లెక్క పెట్టుకోవద్దు. వేలు ఒక కణుపు లోతు మట్టిలోకి దించి చూడండి. తడి తగిలితే ఆ రోజుకి నీళ్ళు అక్కర్లేదు. ఇళ్ళలో మొక్కలు చచ్చిపోయేది ఎక్కువగా నీళ్ళు ఎక్కువయ్యే.

తులసి గింజలు ఆవాల కన్నా చిన్నవి. మట్టి మీద చల్లి, పైన పలచగా ఇసుక దులిపితే చాలు, లోతుగా పాతితే మొలవవు. రోజుకి 5, 6 గంటల ఎండ తగలాలి. తులసిని గుబురుగా ఉంచే కిటుకు వెన్నులు గిల్లడంలో ఉంది. పూత వెన్ను తల ఎత్తగానే దాని కింది రెండు ఆకుల దాకా గిల్లేస్తే ఆ రెండు ఆకుల సందుల్లోంచి రెండు కొత్త కొమ్మలు వస్తాయి. వెన్నుల్ని ముదరనిస్తే కాండం చెక్కబారిపోతుంది, ఆకులు చిన్నవైపోతాయి. విత్తనానికి ఒకటి రెండు వెన్నులు మాత్రం వదలండి. పిండినల్లి పడితే లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు ద్రవం కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున కూడా తగిలేలా కొట్టాలి. ఆ తర్వాత వారం రోజులు ఆకు కోయొద్దు.

వాము ఆకుని కొన్నిచోట్ల కర్పూరవల్లి అంటారు. వంటింట్లో ఉండే వాము గింజల మొక్క వేరు, ఇది వేరు. థైమాల్ లాంటి సువాసన పదార్థాలు రెండిట్లోనూ ఉండటం వల్ల వాసన కలుస్తుంది. దీని కోసం నర్సరీ దాకా వెళ్ళక్కర్లేదు. ఎవరింట్లోనైనా జానెడు కొమ్మ అడిగి తెచ్చుకుని, కింది ఆకులు తుంచి తడి ఇసుకలో గుచ్చితే రెండు వారాల్లో వేళ్ళు పడతాయి. సగం నీడ చాలు. నీళ్ళు ఎక్కువైతే కాండం మొదట్లో మెత్తబడి కుళ్ళిపోతుంది.

పుదీనా ఇంకా సులువు. కూరగాయల బజార్లో కొన్న కట్టలోంచి ముదురు కాడలు ఏరి నీళ్ళ గ్లాసులో పెట్టండి. వారం, పది రోజుల్లో తెల్లటి వేళ్ళు కనిపిస్తాయి, అప్పుడు నాటుకోవచ్చు. ఇది పక్కలకి పాకే మొక్క కాబట్టి లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న తొట్టి కావాలి. ఏప్రిల్, మే నెలల్లో దీన్ని, తులసినీ 50 శాతం షేడ్ నెట్ కిందకి గానీ, పొద్దున్న ఎండ మాత్రమే తగిలే తూర్పు బాల్కనీకి గానీ మార్చండి. కలబంద పిలకలు విడదీసి నాటితే వస్తుంది. మట్టిలో ఇసుక పాలు పెంచి, పూర్తిగా ఎండిన తర్వాతే నీళ్ళు పోయాలి.

పసుపు మాత్రం ఓపికతో చేసే పని. రోహిణి కార్తె ముగిసి మృగశిర వచ్చే వేళకి, అంటే జూన్ మొదట్లో, మొలక కన్ను ఉన్న కొమ్మును 12 అంగుళాల గ్రో బ్యాగ్‌లో రెండు అంగుళాల లోతున పెట్టాలి. ఎనిమిది, తొమ్మిది నెలలకి ఆకులు వాటంతట అవే ఎండి వాలిపోతాయి. అప్పుడు నీళ్ళు ఆపేసి, రెండు వారాలు ఆగి తవ్వాలి. నిజామాబాద్, దుగ్గిరాల వైపు రైతులు కొమ్ముల్ని ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టి అమ్ముతారు. మన ఇంటికి కావాల్సిన కాస్త పసుపు గిన్నెలోనే చేసుకోవచ్చు. కొమ్ములు మునిగేలా నీళ్ళు పోసి, పుల్ల గుచ్చితే మెత్తగా దిగేదాకా, సుమారు గంటసేపు ఉడికించండి. ఆ తర్వాత ఎండలో 10, 15 రోజులు, విరిస్తే టక్కుమని విరిగేదాకా ఎండబెట్టండి. ఇంటి పసుపు బజారు పసుపంత మెరవదు. మెరుపు కోసం లెడ్ క్రోమేట్ కలిపే కల్తీ ఉన్న సరుకు ఇది. అందుకని రంగు తక్కువైందని బాధ పడొద్దు.

రెండో మెట్టు: కచ్చితంగా గుర్తుపట్టడం

కొత్త మొక్క కనిపిస్తే ఐదు విషయాలు చూడండి. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటి ఉన్నాయా? కాండం నలుపలకగా ఉందా, గుండ్రంగా ఉందా? తుంచితే పాలు వస్తున్నాయా? నలిపితే వాసన ఎలా ఉంది? పువ్వు ఎలా ఉంది, ఎక్కడ పూసింది? పువ్వు లేకపోతే అది పూసేదాకా ఆగండి. ఊరి పేరుని మాత్రమే నమ్ముకోవద్దు, ఒకే పేరుతో రెండు జిల్లాల్లో రెండు మొక్కల్ని పిలుస్తారు. ఒక నోటుపుస్తకంలో శాస్త్రీయ నామం, ఎక్కడ చూశారు, ఏ నెలలో పూసింది రాసుకుని, పక్కన పాత పేపర్ల మధ్య నొక్కి ఎండబెట్టిన కొమ్మ అతికించండి. ఊళ్ళో మొక్కలు తెలిసిన పెద్దవాళ్ళు ఉంటే ఒక వానాకాలం వాళ్ళ వెనక తిరగండి. ఫోన్ యాప్ చెప్పింది ఒక సూచన మాత్రమే, దాన్ని నమ్మి తినకూడదు.

తెలుగు నేల మీద తరచు పొరపాటు జరిగే జతలు కొన్ని ఉన్నాయి.

నేల ఉసిరి తొలకరి పడగానే గోడల వారన, కుండీల్లో కూడా మొలుస్తుంది. సన్నని కొమ్మల మీద చింతాకు లాంటి చిన్న ఆకులు రెండు వరుసల్లో ఉంటాయి. ఒక కొమ్మని వెనక్కి తిప్పి చూడండి. ఆకుల అడుగున వరసగా ఆవగింజంత కాయలు వేలాడుతుంటాయి, చూడటానికి అచ్చం బుల్లి ఉసిరికాయలు. తుంచితే పాలు రావు. పాలు వస్తే అది రెడ్డివారి నానబాలు జాతిది, పక్కన పెట్టేయండి. నేల ఉసిరిలోనే చూపుకి ఒకేలా ఉండే మూడు నాలుగు రకాలున్నాయి. మందుగా ఎక్కువ పరిశోధన జరిగింది ఫిల్లాంథస్ అమారస్ మీద.

గుంటగలగరాకు కాలువ గట్ల మీద, పొలాల్లో తేమ ఉన్నచోట ఉంటుంది. ఆకులు ఎదురెదురుగా, గరుగ్గా, పొడవుగా ఉంటాయి, పువ్వు చిన్న తెల్ల బొత్తాంలా ఉంటుంది. చాలామంది గడ్డి చామంతిని చూసి ఇదే అనుకుంటారు. గడ్డి చామంతి ఆకు అంచు లోతుగా రంపంలా కోసినట్టు ఉంటుంది, పువ్వు మధ్యలో పసుపు, పొడుగాటి కాడ చివర ఒంటరిగా పూస్తుంది. తేల్చుకోవడానికి ఒక మంచి పరీక్ష ఉంది. నాలుగు ఆకులు అరచేతిలో వేసుకుని బొటనవేలితో గట్టిగా రుద్దండి. మొదట మామూలు పచ్చ పసరే వస్తుంది. గాలి తగిలిన కొద్దీ అది ముదురు రంగుకి తిరిగి, కాసేపటికి నల్లబడుతుంది. అరచేతి గీతల్లోకి దిగిన ఆ నలుపు సబ్బుతో కడిగినా ఒక పట్టాన వదలదు. నల్లబడకపోతే అది గుంటగలగర కాదు.

సరస్వతి ఆకు పేరుతో నర్సరీల్లో రెండు వేర్వేరు మొక్కలు అమ్ముతారు. ఒకటి మూత్రపిండం ఆకారపు ఆకుతో నేల మీద పాకే సెంటెల్లా ఏషియాటికా. ఇంకోటి చిన్న దళసరి ఆకులతో, లేత ఊదా లేక తెల్ల పూలతో తడి నేలలో పెరిగే బకోపా మొన్నియేరి. రెండూ మందు మొక్కలే అయినా గుణాలు ఒకటి కాదు. అలంకారానికి పెంచే ఇంకో గుండ్రటి ఆకు కూడా ఇందులో కలిసిపోతుంది. దానికి కాడ ఆకు మధ్యలో, గొడుగుకి కర్రలా అతుక్కుంటుంది. సెంటెల్లాకి ఆకు అంచు చీలిన చోట అతుకుతుంది.

పొన్నగంటి కూరకి తెల్ల పూలు కాడ లేకుండా ఆకు మొదట్లోనే అంటుకుని ఉంటాయి. మురుగు కాలువల్లో, చెరువుల్లో గుబురుగా అల్లుకుపోయే ఎలిగేటర్ వీడ్‌కి పూలగుత్తి పొడుగాటి కాడ చివర నిలబడుతుంది. మాచిపత్రికి ఆకు అడుగు బూడిద తెలుపు నూగుతో ఉండి, నలిపితే ఘాటైన సువాసన వస్తుంది. ఆ నూగూ, ఆ సువాసనా లేకుండా చిన్న తెల్ల పూలగుత్తులు ఉంటే అది వయ్యారిభామ. దాన్ని ముట్టుకుంటే కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయి, ఆయాసం కూడా రావచ్చు.

తిప్పతీగ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. కరోనా రోజుల్లో దీన్ని కషాయాలు కాచుకుని నెలల తరబడి తాగినవాళ్ళు ఉన్నారు. 2021లో ముంబై వైద్యులు తిప్పతీగ వాడకం తర్వాత కాలేయం దెబ్బతిన్న కొందరి వివరాలు ప్రచురించారు. వాళ్ళు వాడింది అసలు తిప్పతీగేనా, దాన్ని పోలిన టినోస్పోరా క్రిస్పా కావచ్చా అని ఆయుష్ శాఖ ప్రశ్నించింది. తిప్పతీగ కాండం మీద పలచటి కాగితం లాంటి పొర లేస్తుంది, ఆకు హృదయాకారంలో నున్నగా ఉంటుంది. క్రిస్పా కాండం నిండా పులిపిర్లలాంటి బొడిపెలు ఉంటాయి. గుర్తుపట్టినా సరే, కాలేయ సమస్య, థైరాయిడ్, కీళ్ళవాతం లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులు (ఒంటి రక్షణ శక్తి ఒంటి మీదే తిరగబడేవి) ఉన్నవాళ్ళు దీని జోలికి వెళ్ళకూడదని నా గట్టి అభిప్రాయం.

మూడో మెట్టు: బయట కోసుకోవడం

ఎక్కడ కోయకూడదో ముందు తెలుసుకోండి. హైవే పక్కన, రైలు పట్టాల వెంట, ఫ్యాక్టరీల దగ్గర, మురుగునీరు పారే చోట, పత్తి, మిరప చేల గట్ల మీద కోయొద్దు. ఈ ఆకు కూరలు మట్టిలోని, నీళ్ళలోని విష లోహాల్ని కూడా లాగేసుకుంటాయి, అవి కడిగితే పోవు. వరి గట్టు మీద గుంటగలగర కళకళలాడుతున్నా, ఆ పొలానికి కలుపు మందు ఎప్పుడు కొట్టారో రైతుని అడగకుండా చెయ్యి వెయ్యొద్దు.

అనుకూలమైన చోట్లు కూడా ఉన్నాయి. మందులు కొట్టని మీ పెరడు, బడి ఆవరణ, తెలిసినవాళ్ళ తోట, వాగు గట్టు. వావిలి వాగుల వెంట పొదలుగా పెరుగుతుంది. ఐదు వేళ్ళలా విడిన ఆకు, అడుగు తెల్లగా, లేత ఊదా పూలు. అడ్డసరం పాత ఇళ్ళ కంచెల్లో కనిపిస్తుంది. మేకలు ముట్టవు కాబట్టి కంచెకి వేసేవాళ్ళు. కొమ్మ గుచ్చితే బతుకుతుంది.

పొద్దున్న మంచు ఆరాక, ఎండ ముదరక ముందు కోయాలి. ఆకు మందులకి పూతకి ముందు దశ మంచిది. ఒక మొక్కలో మూడో వంతుకి మించి తీసుకోవద్దు, ఆ చోట ఒకే ఒక్క మొక్క ఉంటే అసలు కోయొద్దు. వేరు కావాలంటే మొక్క చస్తుంది కనుక వేరు మందులు పెంచుకున్న వాటి నుంచే తీసుకోవాలి. నల్లమల లాంటి అభయారణ్యాల్లో 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం మనలాంటి వాళ్ళు మొక్కలు సేకరించడం నేరం. అడవి మీద బతికే చెంచులకి, ఇతర గిరిజనులకి చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద 2006 అటవీ హక్కుల చట్టం హక్కు ఇచ్చింది. అడవి సరుకు కావాలంటే వాళ్ళు సేకరించింది కొనుక్కోవడమే న్యాయం.

నాలుగో మెట్టు: ఆరబెట్టడం, దాచడం

కోసిన ఆకుని మంచినీళ్ళలో రెండు మూడు సార్లు కడిగి, నీరు వాడ్చి, పలచటి నూలు బట్ట మీద ఒక్క వరసగా పరచండి. నీడలోనే ఆరాలి. తులసి, పుదీనా, వావిలిలో పనిచేసేది వాటి సువాసన నూనె. ఎండలో పెడితే అది ఆవిరైపోయి గడ్డి మిగులుతుంది. ఫ్యాను గాలికి మూడు నుంచి ఐదు రోజుల్లో ఆరుతుంది. ఒక కాడ విరిచి చూడండి, వంగితే ఇంకా తడి ఉన్నట్టు, పుటుక్కుమంటే సిద్ధమైనట్టు. గాజు సీసాలో వేసి మూత పెట్టి, పేరు, తేదీ రాసి అతికించండి. మర్నాడు సీసా లోపలి గోడకి చెమ్మ కనిపిస్తే బయటికి తీసి మళ్ళీ ఆరబెట్టాలి. వానాకాలంలో బూజు వాసన వచ్చిన ఆకుని ఎండబెట్టి వాడుకునే ప్రయత్నం చేయొద్దు, పారేయండి. బూజు విడిచే విషాలు వేడికి చావవు. ఏడాది దాటిన ఆకు ఎరువు గుంటకి.

ఐదో మెట్టు: తయారీ

ఆయుర్వేదంలో ఐదు మూల తయారీలు చెబుతారు: పసరు తీసే స్వరసం, ముద్దగా నూరే కల్కం, మరిగించే క్వాథం, చల్లటి నీళ్ళలో నానబెట్టే హిమం, వేడి నీళ్ళు పోసి మూసిపెట్టే ఫాంటం. ఇంట్లో ఎక్కువ పనికొచ్చేవి క్వాథం, ఫాంటం. మనం రెండిటినీ కషాయం అనే అంటాం. ఏ ఆకుకి ఏది చేయాలో మాత్రం తేడా ఉంది. బెరడు, కాండం, అల్లం, మిరియాలు లాంటి గట్టి వాటిని రెండు గ్లాసుల నీళ్ళలో వేసి ఒక గ్లాసు అయ్యేదాకా సన్న మంట మీద మరిగించాలి. తులసి, పుదీనా, నిమ్మగడ్డి లాంటి వాసన ఉన్న ఆకుల్ని మరిగించకూడదు. దించిన వేడి నీళ్ళలో వేసి, మూత పెట్టి, పది నిమిషాలు వదిలేయాలి. వంటగది అంతా ఘుమఘుమలాడిందంటే గ్లాసులోకి రావాల్సింది గాల్లోకి పోయినట్టే.

గుంటగలగర నూనె ఓపిగ్గా చేస్తే బాగా కుదురుతుంది. పాత కొలత ప్రకారం నూనె ఒక వంతైతే ఆకు రసం నాలుగు వంతులు, నూరిన ముద్ద పావు వంతు. 250 మిల్లీలీటర్ల నువ్వుల నూనెకి లీటరు రసం కావాలి, అంటే పెద్ద గంపెడు ఆకు. అంత దొరక్కపోతే 100 మిల్లీలీటర్ల నూనెతోనే మొదలుపెట్టండి. మందపాటి గిన్నెలో మూడూ కలిపి సన్న సెగ మీద పెట్టండి. మొదట నురగతో బుడబుడ పొంగుతుంది, కాబట్టి గిన్నె సగానికి మించి నింపొద్దు. నీరు ఇగిరిన కొద్దీ శబ్దం చిటపటగా మారుతుంది, చివరికి ఆ చిటపట కూడా సద్దుమణుగుతుంది. అప్పుడు అడుగున ఉన్న ముద్ద కాస్త తీసి, చల్లారాక వేళ్ళ మధ్య నలపండి. జిగురుగా అంటుకోకుండా వత్తిలా చుట్టుకోవాలి. ఆ వత్తిని దీపానికి తగిలిస్తే శబ్దం లేకుండా మండాలి. చిటపటమంటే లోపల ఇంకా నీరుంది, అలాగే సీసాలో పోస్తే నూనె కనరిపోతుంది. గోరువెచ్చగా ఉండగానే పలచటి గుడ్డలో వడగట్టండి. తల మీద చల్లదనానికి, వెంట్రుకల మెరుపుకి మంచిది. బట్టతల మీద కొత్త జుట్టు మొలిపిస్తుందని మాత్రం నేను చెప్పను.

ఆరో మెట్టు: ఏ ఇబ్బందికి ఏది

జలుబు, గొంతు గరగరకి తులసి ఆకులు పది, చిన్న అల్లం ముక్క, రెండు మిరియాలు. అల్లం, మిరియాలు ముందు మరిగించి, దించాక తులసి వేయండి. పిల్లల దగ్గుకి వాము ఆకులు రెండు పెనం మీద వాడ్చి, పిండిన రసంలో అర చెంచా తేనె కలిపి నాకిస్తారు. ఏడాది నిండని పిల్లలకి తేనె అసలు వద్దు, బాట్యులిజం అనే ప్రాణాంతక జబ్బుకి అది కారణం కావచ్చు.

కఫం పట్టేసిన దగ్గుకి అడ్డసరం. దీనిలోని వాసిసిన్ ఆధారంగానే దగ్గు మందుల్లో వాడే బ్రోమ్‌హెక్సిన్ తయారైంది. రెండు ఆకులు రెండు గ్లాసుల నీళ్ళలో వేసి ఒక గ్లాసుకి మరిగించి, పొద్దున సగం, సాయంత్రం సగం, మూడు రోజులకి మించకుండా. గర్భిణులు ముట్టకూడదు, గర్భసంచిని సంకోచింపజేసే గుణం దీనికి ఉంది.

ఒళ్ళు నొప్పులకి వావిలి ఆకుని పెనం మీద వెచ్చచేసి గుడ్డలో మూటకట్టి కాపడం పెట్టండి. ఆవిరి పట్టేటప్పుడు గిన్నె పొయ్యి దించి నేల మీద గట్టిగా నిలబెట్టాలి, ఒళ్ళో పెట్టుకోవద్దు. పిల్లలు పక్కన లేకుండా చూసుకోండి, ఆవిరి పట్టబోయి వేడినీళ్ళు మీద పడి కాలిన పిల్లలు చాలామందే ఉంటారు.

అజీర్తికి పుదీనా. ఛాతీలో మంట వచ్చేవాళ్ళకి ఇదే మంటని పెంచుతుంది, వాళ్ళు జీలకర్ర నీళ్ళతో సరిపెట్టుకోవాలి. చిన్న కాలిన గాయానికి ముందు 20 నిమిషాలు కుళాయి నీళ్ళ ధార, ఆ తర్వాతే కలబంద గుజ్జు. కలబంద కోయగానే మట్టని నిలువుగా పెట్టి, కారే పసుపు రసాన్ని పది, పదిహేను నిమిషాలు పోనివ్వండి. అది తీవ్రమైన విరేచనకారి. అందులోని పదార్థాలతో చేసిన విరేచన మందుల్ని అమెరికా ఔషధ సంస్థ 2002లో దుకాణాల నుంచి తీసేయించింది. పసుపు విషయానికొస్తే, దానిలోని కర్క్యుమిన్ ఒంటికి సరిగా పట్టదు. మిరియాల్లోని పైపరిన్ తోడైతే ఎక్కువ పడుతుందని బెంగళూరు పరిశోధకులు 1998లో చూపించారు. పాలలో పసుపుతో పాటు చిటికెడు మిరియాల పొడి వేసే మన అలవాటు మంచిదే. అదే కారణంగా ఎక్కువ మోతాదు పసుపు మాత్రలు కాలేయానికి ప్రమాదం కావచ్చు, వంటలో వేసే మోతాదు దాటొద్దు.

గలిజేరు కూర కిడ్నీలకి మంచిదని తెగ ప్రచారం జరిగింది. తెల్ల గలిజేరులో కిడ్నీ రాళ్ళకి కారణమయ్యే ఆక్సలేట్లు ఎక్కువ. రాళ్ళు వచ్చే తత్వం ఉన్నవాళ్ళకి అది మేలు కన్నా కీడు చేసే అవకాశమే ఎక్కువ. తినాలనుకున్నవాళ్ళు ఆకు ఉడికించి ఆ నీళ్ళు పారబోయాలి.

ఎక్కడ ఆగాలి

కామెర్లకి పసరు మందు అని ఊళ్ళకి ఊళ్ళు తిరిగేవాళ్ళని చూస్తే నాకు బాధగా ఉంటుంది. కళ్ళు పచ్చబడటం ఒక లక్షణం. దాని వెనక హెపటైటిస్ ఎ ఉండొచ్చు, బి ఉండొచ్చు, పిత్తనాళంలో రాయి ఉండొచ్చు, క్యాన్సర్ ఉండొచ్చు. హెపటైటిస్ ఎ చాలామందికి దానంతటదే తగ్గుతుంది, పేరు పసరుకి వస్తుంది. మిగతావి పసరు తాగుతూ కూర్చుంటే ముదిరిపోతాయి. నేల ఉసిరి హెపటైటిస్ బి మీద పనిచేస్తుందని 1988లో చెన్నై పరిశోధకులు లాన్సెట్ పత్రికలో రాస్తే ప్రపంచమంతా ఆశపడింది. తర్వాత వేర్వేరు దేశాల్లో చేసిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్ళీ రాలేదు. కళ్ళు పచ్చబడితే అదే రోజు రక్త పరీక్ష చేయించండి.

పాము కాటుకి ఏ ఆకూ విరుగుడు కాదు. 108కి ఫోన్ చేసి, యాంటీవీనం ఉన్న ఆసుపత్రికి వెళ్ళాలి. కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో 15 నిమిషాలు కడిగి టీకా వేయించుకోవాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించే మందు ఎక్కడా లేదు. రెండు రోజులు దాటిన జ్వరానికి డెంగీ పరీక్ష చేయించండి, బొప్పాయి ఆకు రసం తాగుతూ ప్లేట్‌లెట్లు పెరుగుతాయని ఇంట్లో కూర్చోవద్దు.

రెండు పాత అలవాట్లు మానేయాలి. పసిపిల్లల నాలుకకి వస కొమ్ము అరగదీసి రాయడం ఒకటి. వసలోని బీటా అసరోన్ అనే హానికర పదార్థం కారణంగా అమెరికా 1968లోనే దాన్ని ఆహారంలో నిషేధించింది. రెండోది, ఈశ్వరి, గాడిదగడపాకు జాతి మొక్కల్ని కడుపులోకి ఇవ్వడం. వాటిలోని అరిస్టోలోకిక్ ఆమ్లం కిడ్నీల్ని పాడు చేస్తుంది, క్యాన్సర్ తెస్తుంది.

షుగర్, బీపీ మాత్రలు, రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడేవాళ్ళు ఏ కషాయమైనా క్రమం తప్పకుండా మొదలుపెట్టే ముందు డాక్టరుకి చెప్పాలి. ఆపరేషన్ ఉంటే రెండు వారాల ముందే అన్నీ ఆపేయాలి. ఆసుపత్రికి వెళ్ళినప్పుడు "ఏమీ వాడట్లేదు" అనొద్దు, వాడిన ఆకుని ఒక కవర్లో పెట్టి వెంట తీసుకెళ్ళండి.

ఏడాది పని

జూన్‌లో పసుపు పెట్టి, తులసి గింజలు చల్లండి. జులై, ఆగస్టు గుర్తుపట్టే నెలలు. నేల ఉసిరి, గుంటగలగర, ఉత్తరేణి అప్పుడే కళ్ళెదుట ఉంటాయి, చవితికి పత్రి కోసే పిల్లల్ని కూడా వెంట తీసుకెళ్ళి ఒక్కో ఆకు నలిపి వాసన చూపించండి. అక్టోబరు, నవంబరులో వానలు తగ్గాక ఆకు ఆరబెట్టి సీసాలు నింపుకోవాలి, సరస్వతి ఆకు నాటుకోవడానికీ అదే అదను. ఫిబ్రవరిలో పసుపు తవ్వి, మంచి కొమ్ములు నాలుగు వచ్చే ఏడాది విత్తనానికి ఇసుకలో దాచండి. మార్చి చివర్లో షేడ్ నెట్ కట్టి, వాము ఆకు, పుదీనా కొమ్మలు రెండేసి వేరే కుండీల్లో గుచ్చి ఉంచండి, మే ఎండకి పాత మొక్క పోయినా విత్తు మిగులుతుంది.